మూతకి లోపలివైపు మూడు తేదీలు

ఏసీ శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి కిటికీలోంచి సన్‌షేడు మీదకి దిగిన పది నిమిషాలకి నన్ను పిలిచాడు. "సార్, ఓపాలి ఇటు రండి. ఇది ఎవులు సేసినారండి?" నేను పేపరు మడిచి లేచాను. ఉద్యోగంలోంచి దిగిపోయి నెల రోజులే అయింది. పగటిపూట ఇంట్లో ఎవరు పిలిచినా నన్నేనా అని ఒకసారి చుట్టూ చూసుకునే అలవాటు ఇంకా పోలేదు. ఆయన గోపాలపట్నం నుంచి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, గుబురు మీసం, మెడలో తువ్వాలు. ఏసీ బయటి యూనిట్టుని మోస్తున్న ఇనప స్టాండుని అరచేత్తో తట్టి చూపించాడు. "ఈ ఈదిలో ఏ ఇంటి స్టాండు ముట్టుకున్నా పెచ్చులూడి సేతికొచ్చెత్తాది. మీది సూడండి, పెళ్లికొడుకులాగ ఉన్నాది." నిజమే. మా కంచరపాలెంలో ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క రేవు నుంచి గాలికి లేచొచ్చే నల్లటి ధూళి, రెంటికీ తోడు సముద్రం మీది ఉప్పుగాలి. ఇక్కడ ఇనుము మనిషికంటే త్వరగా ముసలిదవుతుంది. మా స్టాండు మాత్రం బూడిదరంగు పెయింటుతో, బోల్టుల చుట్టూ పూసిన గ్రీజుతో, పెట్టిన నాటిలాగే ఉంది.

"మీ కంపెనీవాళ్లే కదా, ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తున్నారు" అన్నాను. మా ఆవిడ నాతో చెప్పిన మాట అదే. ఆయన తడిచేతిని ప్యాంటుకి తుడుచుకుని ఫోను తీసి చూశాడు. "లేదండి. మీ ఇంటికి ఇదే మొదటిపాలి అని సూపిత్తంది." అని, విప్పి పక్కన పెట్టిన రేకు మూత ఒకటి తిప్పి నా చేతికిచ్చాడు. వైర్లు కలిపే చోట ఉండే చిన్న మూత. దాని లోపలివైపు నల్ల మార్కరుతో మూడు తేదీలు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. ప్రతి తేదీ పక్కనా ఒక టిక్కు. ఏడు అంకె వచ్చిన చోట దాని నడుం మీద చిన్న అడ్డగీత.

ఏడుకి అలా గీత గీసే మనిషి నాకు తెలిసి ఒక్కడే. మా ఆవిడ అన్న. ఆయన పోయి రెండు నెలలు దాటింది. ఆయన మా గడప తొక్కడం మానేసిన ఆదివారం ఒకటి ఉంది. ఆ మూడు తేదీల్లో ఒక్కటి కూడా ఆ ఆదివారానికి ముందుది కాదు.

మా వైపు మగాళ్లు ఒకళ్లనొకళ్లు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం ఉండి తీరాలని లేదు. రైల్లో పక్కసీటువాడూ బావే, టీకొట్టువాడూ బావే. మాకు మాత్రం నిజంగానే ఉంది. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయన నన్ను బావా అనేవాడు. ఇద్దరం ఒకేసారి కేకేస్తే మా ఆవిడ వంటింట్లోంచి "ఏ బావకి ఏటి గావాల?" అని అడిగేది. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో ఏసీలు చూసే విభాగంలో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో వచ్చిన విదేశీ ఇంజనీర్ల పటాలు చూసి చూసి ఏడుకి ఆ గీత పట్టుబడింది. ఏసీ అనగానే మనకి ఆఫీసరు గది గుర్తొస్తుంది. ఆయనకి క్రేను గుర్తొచ్చేది. కరిగిన ఇనుము నిండిన తొట్టెకి ఎంతో ఎత్తున, గాజు పెట్టెలాంటి గదిలో ఒక మనిషి కూర్చుని క్రేను నడుపుతుంటాడు. ఆ గదిలో ఏసీ ఆగిందంటే ఆ మనిషి మంగలంలో గింజే. "ఆ డబ్బా సల్లగుంటేనే ఆడు లివరు సరిగ్గా తోత్తాడు. ఆడు సరిగ్గా తోత్తేనే కిందోలు ఇంటికెల్తారు" అనేవాడు. మరమ్మతు అయ్యాక తేదీ వేసి టిక్కు పెట్టడం అక్కడి పద్ధతి. ఆ టిక్కు చూసి గాని పైకెక్కే మనిషి ఎక్కడు. ఆ పద్ధతిని ఆయన మా ఇంటికీ తెచ్చాడు. చెల్లెలి మిక్సీకీ, ఇస్త్రీపెట్టెకీ, ఒకసారి గొళ్లెం బిగించిన పెరటి తలుపుకీ కూడా ఎక్కడో ఒక మూల తేదీ, టిక్కు ఉండేవి.

నాది దినపత్రికలో రాత్రి పేజీలు దిద్దే పని. ఊరంతా లేచే వేళకి నేను పడుకోవాలి. వేసవిలో పైకప్పు పెనంలా కాగుతుంటే, పక్కన గూడ్సు బళ్లు డబ్బాలు కొట్టుకుంటూ పోతుంటే నిద్ర ఎక్కడిది? ఒక మే నెలలో అలా కళ్లు మూతలు పడుతూ వాతావరణం పెట్టెలో గరిష్ఠ ఉష్ణోగ్రతనీ కనిష్ఠ ఉష్ణోగ్రతనీ తారుమారు చేసి పంపేశాను. మర్నాడు ఆఫీసుకి ఫోన్లే ఫోన్లు. ఒక పెద్దాయన చాలా మర్యాదగా, "మధ్యాహ్నం చలేసి తెల్లారగట్ల ఎండ కాసే ఊరు ఏదండీ, మా వియ్యంకుణ్ణి పంపుదామని" అన్నాడు. ఎడిటరుగారు అంత మర్యాదగా అనలేదు. ఈ సంగతి చెల్లెలి నోట విని అందరూ నవ్వినా మా బావ నవ్వలేదు. ఆ ఆదివారమే నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని వన్‌టౌన్‌లో పాతసామాన్ల కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టు యజమాని ఒక ముసలి సాయిబుగారు. మా బావ వేలు పెట్టి చూపించిన కిటికీ ఏసీని చూసి ఆయనే జాలిపడ్డాడు. "అది సచ్చిపోయిన సరుకు భాయ్, తీస్కెల్లి ఏటి సేత్తావు?"

"పేనం నాను పోత్తానులే. నువ్వు ఒళ్లు ఇయ్యి సాలు" అన్నాడు మా బావ.

సాయిబుగారు నవ్వి, ఇంకో ఏసీలోంచి పీకిన ఫ్యాను రెక్క కూడా ఊరికే ఇచ్చాడు. ప్రాణం పోయడానికి ఆరు ఆదివారాలు పట్టింది. కంప్రెసరు మార్చాడు, రాగి గొట్టాలు అతికాడు, రేకంతా గీకి రంగేశాడు. కిటికీలో బిగించి స్విచ్చి వేస్తే ముందు లారీలా గర్జించింది, తరవాత గొంతు తగ్గించింది, ఆ తరవాత చల్లటి గాలి వచ్చింది. ఆ హోరులో గూడ్సు బళ్లు వినబడలేదు. ఎన్నాళ్ల బాకీయో, నేను మంచం మీద ఒరిగిన వాణ్ణి ఒరిగినట్టే సాయంత్రం దాకా నిద్రపోయాను. లేచేసరికి ఆయన చాప మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. "నీ గురక, దాని గురక రెండూ ఇన్నాను బావా. దానిదే సన్నం" అన్నాడు.

అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు, వేసవికి ముందు ఒక ఆదివారం, వానలు వెళ్లాక ఒక ఆదివారం, దువ్వాడలో తన ఇంటి నుంచి వచ్చేవాడు. కాస్త చుట్టయినా గోపాలపట్నం బజారు మీదుగా వచ్చి, చేపలో తాటిముంజలో తెచ్చేవాడు. ఏసీని కిటికీలోంచి దింపి, మేడ మీదకి మోసుకెళ్లి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించేవాడు. ఒకసారి మా ఆవిడ, రేవు ధూళి లోపలికి రాకుండా ఏసీ వీపుకి పాత నేతచీర ముక్క కట్టి, అన్న వచ్చే రోజున విప్పేసి దాచింది. తాడు విప్పడం మరిచిపోయింది. ఆ తాడు పట్టుకుని ఆయన, "ఓలమ్మా, ముక్కు మూసీసి ఊపిరి పీల్సమంటన్నావేటి దాన్ని!" అని వీధంతా వినబడేట్టు కేకలేశాడు. అన్నీ అయ్యి చల్లగాలి వచ్చేదాకా ఆయన అన్నం ముట్టడు. పైన క్రేనులో మనిషి మాడుతుంటే కింద ఫిట్టరు క్యారేజీ విప్పకూడదని వాళ్ల విభాగంలో ఒక కట్టుబాటట. చేపల పులుసు మూడుసార్లు వెచ్చబెట్టినా, చేతిని గాలి దగ్గర పెట్టి "ఆఁ, ఒడ్డించు" అనేదాకా పీట వాల్చడానికి వీల్లేదు. తిన్నాక ఆ చాప మీదే గంటసేపు పడుకునేవాడు. దాన్ని ఆయన 'టెస్టింగు' అనేవాడు.

ఆయనకి గుండెలో స్టెంటు వేసిన మరుసటి ఏడాది, వేసవికి ముందు ఎప్పటిలాగే వచ్చాడు. కిటికీ ఏసీ అంటే బియ్యం బస్తా బరువు. నేను చెయ్యి వేయబోతే "పెన్ను పట్టే సేతులు, ఒగ్గీ" అన్నాడు. ఎత్తాడు, దింపాడు, దింపి కిటికీ ఊచ పట్టుకుని కూర్చుండిపోయాడు. మొహం సిమెంటు రంగుకి తిరిగింది. నేనూ మా ఆవిడా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కాసేపటికి తేరుకుని, "ఉక్కగా ఉన్నాది గదేటి" అన్నాడు. ఆ రోజు అన్నానికి కూర్చునేసరికి నాలుగయింది. వెళ్తూ వెళ్తూ, "ఫ్యాను మోటారు మూలుగుతన్నాది బావా, మంచిది సూసి తెత్తాను" అన్నాడు. స్కూటరు చప్పుడు దూరమయ్యాక మా ఆవిడ, "ఆ బరువెత్తుతూ అన్నియ్య మనింట్లోనే కూలిపోతేనో?" అని కళ్లు తుడుచుకుంది.

అప్పుడు నేను చేయవలసిన పని ఒక్కటే. బావా, నీ గుండెకి ఈ బరువు పనికిరాదు, నువ్వు మాకు ఇంకా చాలాకాలం కావాలి, అందుకని ఈ ఏసీ తీసేద్దాం, అని చెప్పడం. ఎందరో రాసిన వాక్యాలు దిద్దిన వాణ్ణి, ఈ వాక్యం మాత్రం నోటిదాకా రాలేదు. తన చేతుల మీద అంత నమ్మకం ఉన్న మనిషితో, ఆ చేతులు ఇక చాలించమని ఎలా అంటాం? చెప్పడంకంటే చేసేయడం తేలికనిపించింది. నెల తిరక్కుండా, పాతది ఇస్తే కొత్తది ఇచ్చే దుకాణానికి వెళ్లి గోడకి తగిలించే ఏసీ కొనేశాను. బిగించడానికి వచ్చినవాళ్లే పాతదాన్ని పట్టుకుపోయారు. దాని లోపల పదిహేనేళ్ల తేదీలూ టిక్కులూ ఉన్నాయని అప్పుడు గుర్తు రాలేదు.

ఆ తరవాతి ఆదివారం మా బావ చెప్పా పెట్టకుండా వచ్చాడు. చంకలో మా పత్రికలోనే చుట్టిన ఒక పొట్లం. మంచి మోటారు దొరికింది. గదిలోకి వచ్చి కిటికీ వైపు చూశాడు. అక్కడ కొత్త గాజు తలుపు ఉంది. గోడ మీద తెల్లటి, పొడవాటి, చప్పుడు చేయని వస్తువు.

"పాతదేది బావా?"

"దుకాణంవాడికి ఇచ్చేశాం. దానికి బదులు ఇది."

"ఇచ్చీసినారా" అని చంకలో పొట్లం తీసి మంచం మీద పెట్టాడు. "ఓ ముక్క సెప్తే నానొచ్చి ఇప్పీవోన్ని గదా. ఆల్లు సుత్తెట్టి కొట్టుంటారు."

"నీకెందుకు శ్రమ అని..." అన్నాను. ఆ సగం వాక్యమే నా నోట వచ్చింది. మిగతా సగం లేకుండా అది ఎంత చెడ్డ వాక్యమో, వాక్యాలు దిద్దడం నా వృత్తి అయ్యుండీ నాకు తోచలేదు.

"శ్రమ" అని ఆయన ఆ మాటని ఒకసారి అని చూసుకున్నాడు. తరవాత చెయ్యెత్తి గాలి పట్టుకున్నాడు. "బాగున్నాది. సల్లగానే ఉన్నాది. కాయిలు రాగిదా, అల్యూమినీదా?" నాకు తెలియదన్నాను. "కొన్నోడివి అడగలేదేటి? కాయిలు సంగతి తరవాత, ఈ గాలికి బయట స్టాండు ముందు పోద్ది." మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి, "అన్నియ్యా, కూకో, ఒడ్డించీసినాను" అంది. ఆయన నవ్వాడు. "సల్లగాలి నాను తేలేదు గదమ్మా. నాకెందుకు అన్నం?" పొట్లం మళ్లీ చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. స్కూటరు వెంటనే స్టార్టు కాలేదు. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. దిగి వెళ్తే అయిపోయేది. మా మెట్లు పద్దెనిమిదే.

ఆ తరవాత ఆయన ఆదివారాలు రావడం మానేశాడు. చెల్లెలితో ఫోనులో మాట్లాడేవాడు. పెళ్లిళ్లలో కనబడితే నన్ను "బాగున్నారా బావగారూ" అని పలకరించేవాడు. ఆ 'గారూ' మా ఇద్దరి మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయనే మెత్తబడతాడులే అని నేను, ఎందుకొచ్చిందని మధ్యలో మా ఆవిడ, దాదాపు రెండేళ్లు గడిపేశాం. పోయిన శీతాకాలం చివర్లో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారని తెలిసి వెళ్లాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ వాక్యాన్ని కూర్చుకున్నాను. ఈసారి రెండు సగాలూ ఉన్నాయి. మంచం మీద ఆయన సగానికి సగం అయిపోయి ఉన్నాడు. నన్ను చూసి కళ్లతో పైకప్పు వైపు చూపించాడు. "ఆ ఏసీ నీల్ల పైపుకి వాలు సాలదు బావగారూ. వానలొత్తే ఇక్కడ కారతాది." నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. ఆ నవ్వు పాడుచేయడం ఎందుకులే అనిపించింది. అంతలో నర్సమ్మ వచ్చి టైమయిపోయిందంది. "రేపొస్తాను" అన్నాను. మర్నాడు పొద్దున నేను చల్లటి గదిలో నిద్రపోతుంటే మా ఆవిడ వచ్చి లేపింది. గోడ దగ్గరికి వెళ్లి ఏసీ ఆపేసింది.

ఇదంతా ఆ మూత చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డ కాసేపట్లో నాకు గుర్తొచ్చింది. వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతోంది. మూత చూసింది. చేతిలో కాయని పళ్లెంలో పెట్టేసింది.

"సెప్పొద్దన్నాడు" అంది.

నేను సాయంత్రం ఆఫీసుకి బయల్దేరాక వచ్చేవాడట. మొదటిసారి స్టాండు గీకి ఎర్ర ప్రైమరు పూశాడు, మీద బూడిదరంగు వేశాడు. ప్రతిసారీ కాయిలు కడిగేవాడు, బోల్టులకి గ్రీజు పెట్టేవాడు. "ఒద్దన్నాను. ఇంటాడా? సన్‌షేడు మీద కూకుని పనిసేత్తన్నంతసేపూ కిటికీలోంచి అన్నియ్య సొక్కా రెండు సేతులతోటీ పట్టుకుని నిలబడీదాన్ని." ఆ గుండెతో. బరువు ఎత్తకూడదని నేను కొన్న వస్తువు కోసం, ఆ గుండెతో మూడుసార్లు కిటికీ దాటాడు.

"అన్నం తిన్నాడా?" అని అడిగాను. ఎందుకు ముందు అదే అడిగానో తెలియదు.

"గాలి సూసి, రెండు ముద్దలు తిని ఎలిపోయీవోడు."

"నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"కంపెనీవోలు వచ్చీసి ఎలిపోనారంటే మీరు ఊఁ అన్నారు. ఎవులొచ్చారు, ఏటి సేసారు అని అడిగినారా? 'బావ అడిగితే సెప్పు, అడక్కపోతే ఒగ్గీ' అన్నాడు అన్నియ్య."

నేను అడగలేదు. ఇంటి సంగతుల్లో నేను చదవకుండా తిప్పేసిన పేజీలే ఎక్కువ.

మా ఆవిడ కొంగుతో మూత మీది తడి తుడిచింది, తేదీలు చెరగకుండా అంచులు మాత్రమే. "నీ గుండె గురించే అన్నియ్యా పాతది తీయించేరు అని మొదటిపాలే సెప్పీసినాను."

"ఏమన్నాడు?"

"'నాకు తెల్దేటి? ఆ ముక్క ఆడి నోట రానీ. ఆ ఆదివారమే వచ్చి కూకుంటాను' అన్నాడు."

కిటికీ అవతలినుంచి ఆ గోపాలపట్నం మనిషి పిలిచాడు. "సార్, ఆ మూత ఇత్తారా? బిగించీయాల." తీసుకెళ్లి ఇవ్వబోయాను. ఆయన తేదీల వంక చూసి, "పద్ధతైన మనిషండి. నన్ను కూడా డేటు ఏసీమంటారా? జాగా ఉన్నాది" అన్నాడు. నేనే వేస్తానన్నాను. బల్ల సొరుగులో ఆఫీసునుంచి తెచ్చుకున్న మార్కరు ఒకటి ఉంది. మూడో తేదీ కింద ఆ రోజు తేదీ వేశాను. టిక్కు మాత్రం పెట్టలేదు. టిక్కు పని ముగించినవాడు పెట్టేది.

మూత బిగించి, మేకుల్లాంటి ఆ చిన్న మరలు నాలుగూ తిప్పి, ఆయన లోపలికి వచ్చి స్విచ్చి వేశాడు. గాలి వచ్చింది. మా ఆవిడ వెళ్లి చెయ్యెత్తి దాని ఎదుట పట్టుకుంది, అచ్చం వాళ్ల అన్నలాగే. రేపటి తేదీ వేసిన పేజీని ఈ రోజే అచ్చుకి పంపించేసే పని నాది. ఆ లెక్కన అందరికంటే ఒక రోజు ముందే ఉన్నాననుకుంటూ బతికాను. తీరా చూస్తే, పద్దెనిమిది మెట్లు దిగడానికి నాకు రెండేళ్లు చాలలేదు.